పేచీ పిల్లాడిది, సాధన పెద్దలది

రాత్రి తొమ్మిదైంది. ఆరేళ్ల పిల్లాడు ట్యాబ్‌లో గేమ్ ఆడుతున్నాడు. "ఇక చాలు నాన్నా, పడుకుందువు గానీ రా" అని పక్క గదిలోంచి తల్లి పిలిచింది. జవాబు లేదు. రెండు నిమిషాలాగి కాస్త గొంతు పెంచింది. "ఒక్క నిమిషం" అన్నాడు తల ఎత్తకుండా. మూడోసారి ఆమే వచ్చి ట్యాబ్ లాక్కోబోయింది. పిల్లాడు నేల మీద పడి, కాళ్లు తన్నుకుంటూ గుక్కపట్టాడు. ఆ గోలకి చంటిది లేచింది. పొద్దుటి నుంచి పనితో తల్లి ఒళ్లు హూనమై ఉంది. "సరే, ఇంకో పది నిమిషాలు, అంతే!" అని ట్యాబ్ వాడి చేతిలో పెట్టేసింది. ఇల్లు సద్దుమణిగింది.

ఈ కాసేపట్లో ఇద్దరూ చెరో పాఠం నేర్చుకున్నారు. మామూలుగా అడిగితే దొరకని పది నిమిషాలు నేల మీద పడి దొర్లితే దొరుకుతాయని పిల్లాడికి తెలిసింది. తల్లి నేర్చుకున్నది పైకి అంతగా కనిపించదు. ట్యాబ్ ఇవ్వగానే ఏడుపు ఆగింది, ఆమె ప్రాణం కుదుటపడింది. ఆ హాయే ఆమెకు బహుమతి. అందుకే రేపు ఇంకాస్త త్వరగా ఇచ్చేస్తుంది. ఎల్లుండి ఓపిక నశించి రెండు దెబ్బలు వేయవచ్చు. అప్పుడూ ఏడుపు కాసేపు ఆగుతుంది కాబట్టి, దెబ్బతో పని జరుగుతుందనే పాఠం ఒంటబడుతుంది. పిల్లాడేమో మొదటి రెండు పిలుపులకు లేవనక్కర్లేదనీ, అమ్మ అరిచినప్పుడే అసలు మాట మొదలవుతుందనీ గ్రహిస్తాడు. రోజుకు పదిసార్లు, ఏళ్ల తరబడి ఇదే జరిగితే ఆ ఇంట్లో మామూలు గొంతుకు విలువ ఉండదు.

అమెరికాలోని ఓరెగాన్ రాష్ట్రంలో జెరాల్డ్ ప్యాటర్సన్ అనే మానసిక శాస్త్రవేత్త, ఆయన బృందం సరిగ్గా ఇలాంటి క్షణాలనే ఇళ్లకు వెళ్లి చూశారు. ఎవరు ఏమన్నారు, వెంటనే అవతలివాళ్లు ఏం చేశారు, దాంతో గొడవ పెరిగిందా తగ్గిందా అని వరుసగా నమోదు చేశారు. అలా పోగైన ఏళ్ల పరిశీలనను ప్యాటర్సన్ 1982లో పుస్తకంగా తెచ్చారు. ఒకరినొకరు బలవంతపెట్టి లొంగదీసుకునే వలయం ఒకటి ఇళ్లలో ఏర్పడుతుందనీ, ఆ వలయంలో తల్లిదండ్రులు కూడా చిక్కుకున్నవాళ్లేననీ ఆయన చూపించారు. ఈ రెండో మాట చాలా ముఖ్యం. "పెంపకం సరిగా లేదు" అని వేలెత్తి చూపడం తేలిక. పుట్టుకతోనే చిరాకు ఎక్కువగా, నిలకడ తక్కువగా ఉండే బిడ్డను పెంచడానికి మామూలు ఓపిక సరిపోదు. ఒక బిడ్డ దగ్గర చక్కగా నడిచిన పెంపకమే మరో బిడ్డ దగ్గర బెడిసికొట్టవచ్చు. వలయం మొదలవడానికి ఎవరి తప్పూ అక్కర్లేదు. దాన్ని తెంచే వీలు మాత్రం పెద్దవాళ్లకే ఎక్కువ. పిల్లల ప్రవర్తన సమస్యలకు పెద్దలకు శిక్షణ ఇవ్వడం వెనకున్న ఆలోచన ఇదే. వారానికి ఒక గంట నిపుణుడి దగ్గర కూర్చునే బిడ్డ, మిగతా వారమంతా ఇంట్లోవాళ్ల మధ్యే ఉంటాడు.

అసలు ఏ పేచీని సమస్య అనాలి? రెండు మూడేళ్ల వయసులో కొట్టడం, కొరకడం, వస్తువులు విసిరేయడం చాలామంది పిల్లల్లో ఉండేవే. మాటలు పెరిగేకొద్దీ అవి తగ్గుతాయి. వయసు పెరుగుతున్నా తగ్గకపోతే, ఇంట్లోనూ బడిలోనూ రోజులు గడవడం కష్టమైతే అప్పుడు ఆలోచించాలి. మానసిక సమస్యలను గుర్తించడానికి డాక్టర్లు వాడే డీఎస్ఎం-5 అనే పుస్తకం లెక్క ప్రకారం, ఎదురుతిరిగే రుగ్మత అని పేరు పెట్టాలంటే చీటికిమాటికి కోపం, పెద్దలతో వాదులాట, కావాలని విసిగించడం, కక్ష పెట్టుకోవడం వంటి లక్షణాల్లో కనీసం 4 ఉండాలి, కనీసం 6 నెలల పాటు కనిపించాలి. తల్లిదండ్రులను పదిమందిని కలిపి కూర్చోబెట్టి నేర్పే గ్రూపు శిక్షణలో చేరడానికి ఈ పేరు ఉండి తీరాలనేం లేదు. "మా ఇంట్లో రోజూ యుద్ధమే" అన్న మాట చాలు. ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవకపోవడం, అతి చురుకుదనం) ఉన్న చిన్న పిల్లల విషయంలో కూడా, 4 నుంచి 6 ఏళ్ల లోపువాళ్లకు మందుల కంటే ముందు తల్లిదండ్రుల శిక్షణనే మొదలుపెట్టాలని అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ చెబుతుంది.

ఈ శిక్షణ మొదట్లో గ్రూపుగా ఉండేది కాదు. 1960ల్లో ఓరెగాన్‌లోనే కాన్‌స్టాన్స్ హాన్ఫ్ అనే మనస్తత్వవేత్త తల్లినీ బిడ్డనూ కలిపి ఒక గదిలో ఆడుకోనిచ్చి, పక్క నుంచి తల్లికి ఎప్పటికప్పుడు సూచనలు ఇచ్చేవారు. ఆ పని రెండు దశల్లో సాగేది. మొదటి దశలో తల్లి బిడ్డ ఆటను అనుసరిస్తూ పోవాలి, ఆజ్ఞలు ఇవ్వకూడదు, ప్రశ్నలు గుప్పించకూడదు. బిడ్డతో సఖ్యత కుదిరాకే రెండో దశలో స్పష్టంగా చెప్పడం, చెప్పింది చేయించడం నేర్చుకోవాలి. ఇవాళ ప్రపంచంలో పేరున్న కార్యక్రమాల్లో చాలావాటికి ఈ వరుసే వెన్నెముక. ముందు బంధం, తర్వాతే క్రమశిక్షణ. చాలామంది తల్లిదండ్రులు మాత్రం రెండోది నేర్చుకోవడానికే వస్తారు. "ఆటల సంగతి తర్వాత చూద్దాం, ముందు వీడు మాట వినే మార్గం చెప్పండి" అంటారు. వాళ్ల తొందర అర్థం చేసుకోదగ్గదే. కానీ రోజంతా అదిలింపులే వినే బిడ్డకు ఇంకో కొత్త రకం అదిలింపు నేర్పిస్తే ఒరిగేదేమీ లేదు. పెద్దల మెప్పుకు ఆ బిడ్డ దగ్గర మళ్లీ విలువ రావాలి. ఆ విలువ వచ్చాకే "నో" అన్న మాటకు బరువు వస్తుంది.

ఒక్కో కుటుంబాన్నీ విడిగా కూర్చోబెట్టి నేర్పించడం ఖర్చుతో, ఆలస్యంతో కూడిన పని. అందుకే 1980ల నాటికి అమెరికాలోని సియాటిల్‌లో క్యారొలిన్ వెబ్‌స్టర్-స్ట్రాటన్ అనే మనస్తత్వవేత్త మరో దారి పట్టారు. తల్లిదండ్రులూ పిల్లలూ ఉన్న చిన్న చిన్న వీడియో ముక్కలను గ్రూపుకు చూపించి, వాటి మీద చర్చ నడిపించే పద్ధతి ఇది. 1988లో వచ్చిన ఆమె అధ్యయనంలో, ప్రవర్తన సమస్యలున్న 114 మంది పిల్లల తల్లిదండ్రులను విభజించి, కొందరికి వీడియోలు ఒంటరిగా చూసుకునే వీలు కల్పించారు, కొందరిని వీడియోలు లేకుండా గ్రూపు చర్చలో కూర్చోబెట్టారు, కొందరికి రెండూ కలిపి ఇచ్చారు, ఇంకొందరిని పోలిక కోసం వేచి ఉండే జాబితాలో ఉంచారు. శిక్షణ ముగిసేనాటికి వేచి ఉన్నవాళ్ల కంటే మిగతా మూడు రకాలవాళ్లూ మెరుగయ్యారు, వాళ్లలో వాళ్లకు తేడా కొద్దిగానే ఉంది. మూడేళ్ల తర్వాత మళ్లీ చూస్తే, ఆ మార్పు చెదరకుండా నిలిచింది వీడియో, గ్రూపు చర్చ రెండూ అందుకున్న కుటుంబాల్లోనే. కళ్లతో చూడడం, చూసినదాన్ని పదిమందితో కలిసి విప్పి మాట్లాడుకోవడం, రెండూ ఉన్నప్పుడే నేర్చుకున్నది నిలిచిందన్నమాట.

ఇక ఆ గదిలోకి వెళ్దాం. బ్రిటన్‌లో ఆరోగ్య సేవలకు ప్రమాణాలు ఇచ్చే నైస్ సంస్థ 2013 మార్గదర్శకాల్లో 3 నుంచి 11 ఏళ్ల పిల్లల తల్లిదండ్రులకు గ్రూపు శిక్షణను సూచించింది. 10 నుంచి 16 సమావేశాలు, ఒక్కోటి గంటన్నర నుంచి రెండు గంటలు, వీలైతే తల్లీతండ్రీ ఇద్దరూ రావాలి. గదిలో కుర్చీలు గుండ్రంగా వేసి ఉంటాయి. నడిపేవాళ్లు సాధారణంగా ఇద్దరు. మొదటి రోజు ఎవరూ పెద్దగా మాట్లాడరు. పేరు, పిల్లల వయసు చెప్పి ఊరుకుంటారు. ఎవరో ఒకరు తెగించి "నిన్న వాడి మీద చెయ్యి చేసుకున్నాను, తర్వాత బాత్‌రూంలో కూర్చుని ఏడ్చాను" అంటారు. ఆ ఒక్క మాటతో గది మారిపోతుంది. తామొక్కరే ఇలా చేస్తున్నామని అప్పటిదాకా అనుకున్న నలుగురు తలలు ఎత్తి ఆమె వైపు చూస్తారు.

మొదటి వారాల హోమ్‌వర్క్ చూస్తే చాలామందికి నిరాశ కలుగుతుంది. రోజూ పది నిమిషాలు బిడ్డతో ఆడాలి. ఆట బిడ్డదే, దారి బిడ్డదే. బ్లాకులతో ఇల్లు కడుతుంటే "ఇది ఏ రంగు? ఇక్కడ ఎన్ని ఉన్నాయి?" అని పరీక్ష పెట్టకూడదు. "ఎర్రది పైన పెట్టావు, ఇప్పుడు ఇంకోటి వెతుకుతున్నావు" అని చూస్తున్నది చూస్తున్నట్టు చెప్పాలి. వినడానికి సులువుగా ఉంటుంది. చేసి చూస్తే రెండో నిమిషంలోనే నోట్లోంచి ప్రశ్న జారుతుంది, నాలుగో నిమిషంలో సలహా. మెచ్చుకోవడం కూడా అంతే. "గుడ్ బాయ్" అంటే దేనికో బిడ్డకు తెలియదు. "పిలవగానే వచ్చేశావు, భలే!" అంటే తెలుస్తుంది. కొందరు పెద్దలకు ఈ మాట నోరు తిరగదు, వాళ్లను చిన్నప్పుడు అలా ఎవరూ మెచ్చుకోలేదు మరి. గ్రూపులో పక్కవాళ్ల మీద నాలుగుసార్లు అనిపించి చూస్తేనే అలవాటవుతుంది.

రోల్‌ప్లే అనగానే ఎక్కువమంది బిగుసుకుపోతారు. నిజమైన పని జరిగేది మాత్రం అక్కడే. ఇలాంటి ఒక సెషన్‌ను ఊహించుకుందాం. ఒక తండ్రిని పిల్లాడిగా నటించమన్నారు. తల్లిగా నటిస్తున్న మరో వ్యక్తి గుమ్మం దగ్గర నిలబడి, "ఆ బొమ్మలు తియ్యి, ఎన్నిసార్లు చెప్పాలి, టైమెంతైందో చూశావా, రేపు బడికి ఎవరు లేస్తారు, నీ బ్యాగ్ ఎక్కడ?" అంటూ పోయారు. నడిపే ఆవిడ ఆపి, "మీకెలా అనిపించిందండీ?" అని అడిగారు. కింద కూర్చున్న తండ్రి ఒక్క క్షణం ఆలోచించి, "ఏం చేయాలో అర్థం కాలేదండీ. బొమ్మలు తీయాలా, గడియారం చూడాలా, బ్యాగ్ తేవాలా? ఆ గొంతు వినగానే ముడుచుకుపోయాను" అన్నాడు. తర్వాత అదే మాట ఇంకోలా. దగ్గరికి వెళ్లి, పిల్లాడి ఎత్తుకు వంగి, పేరు పెట్టి పిలిచి, "బొమ్మలు పెట్టెలో వేసెయ్" అన్నారు. ఒక్క పని, ఒక్క వాక్యం. ఆ తర్వాత ఐదు సెకన్లు నోరు మెదపకుండా ఆగాలి. ఆ ఐదు సెకన్లు ఆగడం ఎంత కష్టమో గదిలో ఉన్న అందరికీ ఒకేసారి తెలిసింది. ఇంటికి వెళ్లాక ఆ తండ్రికి గుర్తుండేది కరపత్రంలోని సూత్రం కాకపోవచ్చు. నేల మీద కూర్చున్నప్పుడు పైనుంచి పడిన ఆ గొంతు గుర్తుంటుంది.

ఇలా చేసి చూడడంలో ఎంత బలముందో పరిశోధన కూడా చెప్పింది. అమెరికాలో జెన్నిఫర్ కమిన్‌స్కీ బృందం 2008లో 77 అధ్యయనాలను కలిపి పరిశీలించింది. ఏ అంశాలున్న శిక్షణలు ఎక్కువ ఫలితం ఇచ్చాయని చూసింది. బిడ్డతో సరదాగా గడపడం నేర్పినవి, భావాలను గుర్తించి మాట్లాడడం నేర్పినవి, టైమ్‌అవుట్‌ను (బిడ్డను కాసేపు ఆటకూ అందరి ధ్యాసకూ దూరంగా కూర్చోబెట్టడాన్ని) సరిగా వాడడం, మాట మీద నిలబడడం నేర్పినవి, అన్నిటికీ మించి శిక్షణ జరుగుతున్నప్పుడే తల్లిదండ్రుల చేత సొంత బిడ్డతో సాధన చేయించినవి ముందు నిలిచాయి. ఉపన్యాసం విని నోట్సు రాసుకుని వెళ్లే "పేరెంటింగ్ సెమినార్ల" మీద పెట్టే డబ్బు ఎటు పోతోందో ఆలోచించుకోవాల్సిన సమయం ఇది. ఈతను బోర్డు మీద బొమ్మ గీసి ఎవరూ నేర్పించరు.

టైమ్‌అవుట్ అన్న మాట వచ్చింది కాబట్టి ఒక వివరణ. ఈ పద్ధతి మీద కోపం ఉన్నవాళ్లు చాలామంది. బిడ్డను గదిలో పెట్టి తలుపేయడం, ఏడిచి ఏడిచి పడుకునే దాకా వదిలేయడం టైమ్‌అవుట్ అనుకుంటే ఆ కోపం సబబే. శిక్షణల్లో నేర్పేది వేరు. కొట్టడం వంటి కొద్ది విషయాలకే, ముందే చెప్పి ఉంచి, కొన్ని నిమిషాలు మాత్రమే, కోపం లేని గొంతుతో వాడతారు. బిడ్డ కుదుటపడగానే ముగిసిపోతుంది, తర్వాత ఉపన్యాసం ఉండదు, మళ్లీ ఆట మొదలవుతుంది. వెబ్‌స్టర్-స్ట్రాటన్ కార్యక్రమంలో దీన్ని పిరమిడ్ బొమ్మలో కొసన చూపిస్తారు. అడుగున వెడల్పాటి పునాదిగా ఆట, దాని మీద మెచ్చుకోలు, ఆ పైన హద్దులు, చివర ఇరుకైన మొనలో టైమ్‌అవుట్. పునాది లేకుండా మొనను మాత్రం పట్టుకెళ్లినవాళ్ల చేతిలో అది మరో శిక్షగా మారుతుంది. అందరు పిల్లల మీదా ఇది ఒకేలా పనిచేయదు కూడా. తోటివాళ్ల బాధ పట్టని, మనసు కరగని తత్వం ఎక్కువగా ఉన్న పిల్లలకు టైమ్‌అవుట్ అంతగా పట్టదనీ, మెప్పు, బహుమతులు మాత్రం మిగతా పిల్లల్లాగే పనిచేస్తాయనీ ఆస్ట్రేలియాలో హాస్, డాడ్స్ అనే పరిశోధకులు 2005లో ప్రచురించిన అధ్యయనంలో తేలింది.

ఒక్కొక్కరితో విడిగా మాట్లాడితే వచ్చే లాభం గ్రూపులో పోదా అన్న సందేహం రావడం సహజం. కెనడాలోని హామిల్టన్‌లో చార్లెస్ కనింగ్‌హామ్ బృందం దీన్నే పరీక్షకు పెట్టింది. ఇప్పుడిప్పుడే బడిలో చేరిన, ఇంట్లో బాగా ఇబ్బంది పెడుతున్న పిల్లలున్న 150 కుటుంబాలను తీసుకుని, కొందరికి క్లినిక్‌లో విడివిడిగా, కొందరికి ఇంటికి దగ్గర్లో పెద్ద గ్రూపుగా శిక్షణ ఇచ్చింది, కొందరిని వేచి ఉంచింది. ఫలితాలు 1995లో వచ్చాయి. గ్రూపుల్లో ఉన్నవాళ్ల పిల్లల్లో ఇంటి దగ్గర మెరుగుదల ఎక్కువ కనిపించింది, ఆరు నెలల తర్వాత ఆ మార్పు బాగా నిలిచింది. 18 కుటుంబాల గ్రూపైతే ఖర్చు లెక్కన క్లినిక్ కంటే ఆరు రెట్లకు పైగా లాభం. వీటన్నిటి కంటే గుర్తుంచుకోదగ్గ విషయం ఇంకొకటుంది. వలస వచ్చిన కుటుంబాలు, ఇంగ్లిష్ సొంత భాష కానివాళ్లు, బిడ్డ సమస్య తీవ్రంగా ఉన్నవాళ్లు క్లినిక్ కంటే ఈ గ్రూపులకే ఎక్కువగా చేరారు. ఎవరికి అవసరం ఎక్కువో వాళ్లే క్లినిక్ గడప తొక్కడానికి జంకుతారు. బడిలోనో కమ్యూనిటీ హాల్లోనో పదిమందితో పాటు కూర్చోవడంలో ఆ జంకు ఉండదు.

కనింగ్‌హామ్ పద్ధతిలో ఇంకో మెళకువ ఉంది. వీడియోలో తల్లిదండ్రులు సరిగా చేయడం చూపించరు, తప్పు చేయడం చూపిస్తారు. ఐదారు కుటుంబాల చిన్న బృందాలుగా కూర్చుని, ఏం తప్పు జరిగింది, దాని వల్ల ఏమవుతుంది, ఇంకెలా చేయవచ్చు, అలా చేస్తే మేలేమిటి అని వాళ్లే తేల్చాలి. నిపుణుడు చెప్పిన సలహాకు "మా ఇంట్లో కుదరదండీ" అనేవాళ్లు, తాము కనిపెట్టిన ఉపాయాన్ని మాత్రం ఆ రాత్రే ప్రయత్నిస్తారు. పక్క కుర్చీలో ఉన్నావిడ "మేం నిద్రకు అరగంట ముందే ట్యాబ్ చార్జింగ్‌కి పెట్టేస్తాం, అడిగే పనే ఉండదు" అంటే, ఆ మాట డాక్టరు నోటి నుంచి వచ్చినదాని కంటే లోతుగా దిగుతుంది. ఆమె ఇంట్లో కూడా ఆరేళ్ల పిల్లాడున్నాడు కదా!

ఫలితాల గురించి చెప్పుకోవాలంటే, వైద్య పరిశోధనలను కలిపి తూకం వేసే కాక్రేన్ సంస్థ 2012లో తెచ్చిన సమీక్ష మంచి ఆధారం. 3 నుంచి 12 ఏళ్ల పిల్లల తల్లిదండ్రుల గ్రూపు శిక్షణ మీద జరిగిన 13 ప్రయోగాలను అది కలిపి చూసింది. పిల్లల ప్రవర్తన సమస్యలు ఓ మోస్తరుగా తగ్గాయి. తల్లిదండ్రుల మానసిక ఆరోగ్యం మెరుగైంది, కఠినంగా వ్యవహరించడం తగ్గింది. ఒక సగటు బిడ్డను చికిత్స కావాల్సిన స్థాయి నుంచి బయటికి తేవడానికి ఒక్కో కుటుంబానికి దాదాపు 2,500 డాలర్లు పడుతుందని లెక్క తేలింది. ఈ ఖర్చు ఎక్కువా తక్కువా అన్నది మరో లెక్క పక్కన పెట్టి చూడాలి. ఇంగ్లండ్‌లో స్టీఫెన్ స్కాట్ బృందం 2001లో ప్రచురించిన అధ్యయనంలో, పదేళ్ల వయసులో తీవ్రమైన ప్రవర్తన సమస్యలున్న పిల్లల కోసం 28 ఏళ్లు వచ్చేసరికి ప్రభుత్వ సేవలకైన ఖర్చు, ఏ సమస్యా లేని పిల్లలతో పోలిస్తే పది రెట్లు. నేరాలు, ప్రత్యేక బడులు, ఆసుపత్రులు అన్నీ అందులోకి వచ్చాయి. ఆ బిడ్డ జీవితంలో పోగొట్టుకున్నది ఏ లెక్కలోకీ రాదు.

అదే ఏడాది స్కాట్ బృందం మామూలు ఆరోగ్య సేవల్లోనే నడిచిన గ్రూపులను 3 నుంచి 8 ఏళ్ల 141 మంది పిల్లలతో పరీక్షించింది. మెప్పు మాటలకూ, పస లేని ఆజ్ఞలకూ ఉన్న నిష్పత్తి శిక్షణ పొందిన తల్లిదండ్రుల్లో మూడు రెట్లు పెరిగింది. ఇది పిల్లాడి గురించి అమ్మ చెప్పిన మాట కాదు, పెద్దల ప్రవర్తనను చూసి లెక్కించిన మాట, అందుకే దాని విలువ ఎక్కువ. వేల్స్‌లో జూడీ హచింగ్స్ బృందం పేద ప్రాంతాల్లోని 153 కుటుంబాలతో చేసి 2007లో ప్రచురించిన పరిశీలన కూడా ఇలాంటి కబురే తెచ్చింది. చదువు, డబ్బు ఉన్నవాళ్లకే ఇవి పనికొస్తాయన్న అనుమానాన్ని ఫ్రాన్సెస్ గార్డ్‌నర్ బృందం తీర్చింది. యూరప్‌లో జరిగిన 13 ప్రయోగాల్లోని 1,799 కుటుంబాల వివరాలను ఒక్కచోట పెట్టి చూస్తే, పేదరికం వల్ల ఫలితం తగ్గలేదు. సమస్య తీవ్రంగా ఉన్న పిల్లల్లో, దిగులుతో ఉన్న తల్లుల ఇళ్లలో మేలు ఇంకా ఎక్కువగా కనిపించింది. సంపన్న దేశాల బయట కూడా దారులు పడుతున్నాయి. దక్షిణాఫ్రికాలోని ఈస్టర్న్ కేప్‌లో టీనేజీ పిల్లలున్న 552 కుటుంబాలతో జరిగిన ప్రయోగంలో గ్రూపులను నడిపింది డిగ్రీలున్న సైకాలజిస్టులు కాదు, శిక్షణ పొందిన స్థానికులు. ఇళ్లలో పిల్లల మీద హింస తగ్గిందని సంరక్షకులు చెప్పారు.

ఇన్ని మంచి మాటల మధ్య అసలు గండం ఎక్కడుందంటే, మనుషులు రావడంలో ఉంది. అమెరికాలో అనిల్ చాకో బృందం 2016లో ఈ శిక్షణల మీద వచ్చిన అధ్యయనాలను తిరగేసి చూస్తే, శిక్షణ అవసరమని గుర్తించిన కుటుంబాల్లో కనీసం 25 శాతం చేరనే లేదు. మరో 26 శాతం మొదలుపెట్టి మధ్యలో మానేశారు. అంటే సగం మంది. కారణాలు వెతకడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు. సాయంత్రం ఆరింటికి గ్రూపు, ఇంట్లో ఇద్దరు పిల్లలు, వాళ్లను చూసుకునే దిక్కు లేదు. బస్సు రెండు మారాలి. షిఫ్టు మారింది. భర్త "నీకు చేతకాక అక్కడికి వెళ్తున్నావు" అన్నాడు. ఇలాంటి తల్లిని "ఆసక్తి లేదు" అని రిజిస్టరులో కొట్టేయడం అన్యాయం. పిల్లలను ఆడించడానికి పక్క గదిలో మనిషిని పెట్టడం, దారి ఖర్చు ఇవ్వడం, మొదలయ్యే ముందే ఫోన్ చేసి "మీకు ఏ రోజు వీలు?" అని అడగడం చిల్లర ఖర్చులుగా కనిపిస్తాయి. బడ్జెట్ కోత వచ్చినప్పుడు ముందు పోయేవీ అవే, అవి పోగానే కుర్చీలు ఖాళీ అవుతాయి.

తండ్రుల సంగతి ఇంకా కష్టం. వచ్చేవాళ్లలో ఎక్కువమంది తల్లులే. తల్లి ఒక్కతే కొత్త పద్ధతి నేర్చుకుని వెళ్తే, ఇంట్లో నాన్నో నాయనమ్మో పాత పద్ధతిలోనే ఉంటారు. అమ్మ ఇవ్వని ట్యాబ్ నాయనమ్మ ఇస్తుంది. అప్పుడప్పుడు దక్కే బహుమతికే పిల్లలు ఎక్కువ పట్టుపడతారు కాబట్టి పేచీ ముదురుతుంది, "ఆ క్లాసులకు వెళ్లినప్పటి నుంచే వీడు ఇలా తయారయ్యాడు" అన్న మాట పడుతుంది. అందుకే నడిపేవాళ్లు ఇంట్లో ఇంకెవరు బిడ్డను చూస్తారో మొదటి వారమే అడిగి, వాళ్లకూ కబురు పంపాలి.

గ్రూపు అన్నిటికీ మందు కాదని కూడా తెలిసి ఉండాలి. ఇంట్లో హింస నడుస్తుంటే, బిడ్డ మీద అఘాయిత్యం జరిగి ఉంటే, ముందు భద్రత చూడాలి. వినికిడి లోపమో, మాట ఆలస్యమో ఉన్న బిడ్డ "మాట వినడం లేదు" అంటే దానికి వేరే పరీక్షలు కావాలి. పదకొండు, పన్నెండేళ్లు దాటి వీధి గొడవల్లోకి దిగిన పిల్లలకు ఇల్లు, బడి, స్నేహితులు అన్నిటినీ కలిపి చూసే చికిత్సలు ఉన్నాయి. నడిపేవాళ్లలో తేడా కూడా తక్కువేం కాదు. ఒకే పుస్తకం, అవే వీడియోలు పట్టుకుని, ఒకరు తల్లిదండ్రుల చేత మాట్లాడిస్తారు, మరొకరు తామే గంటన్నర మాట్లాడతారు. ఆ రెండో గ్రూపులో నాలుగో వారానికి సగం కుర్చీలు ఖాళీగా మిగులుతాయి. అందుకే మంచి కార్యక్రమాల్లో నడిపేవాళ్లు తమ సెషన్లను వీడియో తీసి, అనుభవజ్ఞుల ముందు పెట్టి చూపించుకుంటారు. తల్లిదండ్రులను సాధన చేయమనే మనిషి తానూ సాధన చేయాలి కదా.

తల్లిదండ్రులు అన్నిటికంటే తడబడే చోటు శిక్షణ కొంత సాగాక వస్తుంది. పేచీకి లొంగకూడదని నిర్ణయించుకున్న మొదటి రోజుల్లో పేచీ తగ్గకపోగా పెరగవచ్చు. ఇన్నాళ్లూ పనిచేసిన తాళంచెవి తిరగకపోతే ఎవరైనా ఇంకా గట్టిగా తిప్పుతారు. పిల్లాడూ అదే చేస్తాడు. అరిచి రాకపోతే ఇంకా గట్టిగా అరుస్తాడు, విసురుతాడు, తల గోడకేసి కొట్టుకుంటానంటాడు. ఈ ఉద్ధృతి తాత్కాలికమని ముందే తెలియని తల్లి, ఇరవై నిమిషాలు ఓర్చుకుని ఇరవై ఒకటో నిమిషంలో ఇచ్చేస్తుంది. పిల్లాడికి ఇరవై ఒక్క నిమిషాలు ఏడవడం నేర్పినట్టవుతుంది. ఈ సంగతి సెషన్‌లో ఎన్నిసార్లు చెప్పినా, ఆ రాత్రి ఆ గదిలో ఆమె ఒంటరే. అందుకని కొన్ని గ్రూపుల్లో తల్లిదండ్రులను ఇద్దరిద్దరిగా జత కట్టి, వారం మధ్యలో ఒకరికొకరు ఫోన్ చేసుకోమంటారు.

మొదట చెప్పుకున్న ఆ తల్లి కూడా ఇలాంటి గ్రూపులో ఉందనుకుందాం. గురువారం రాత్రి తొమ్మిదిన్నర, పిల్లాడు ఇంకా వెక్కుతూనే ఉన్నాడు, ట్యాబ్ బీరువా మీద ఉంది. ఫోన్ మోగింది. జతగా ఉన్నావిడ.

"ఎలా ఉందండీ?"

"అరగంట నుంచి ఏడుస్తూనే ఉన్నాడు. నా వల్ల కాదేమో అనిపిస్తోంది."

"మావాడు మొదటి రోజు నలభై నిమిషాలు ఏడ్చాడండీ. నాలుగో రోజు పది. ట్యాబ్ ఇచ్చేశారా?"

"లేదు."

"అయితే నేను లైన్‌లోనే ఉంటాను. మీరు వాడి పక్కన కూర్చోండి."